కొత్త క్లాసు వచ్చింది, మా దళం చెదిరింది: మళ్లీ మొదలుపెట్టే ముందు మీ సలహా కావాలి

దీపధారి_కావలి

మేము ఐదుగురం. నలుగురిది కావలి, ఒకరిది బిట్రగుంట. 2019 ఆగస్టులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటకు పాత రూపమైన క్లాసిక్ సర్వర్లు తెరిచిన వారంలోనే అందరమూ హోర్డ్ పక్షాన (ఎదుటి పక్షం అలయన్స్) పాత్రలు తయారు చేసుకున్నాము. నాది ప్రీస్ట్ క్లాసు (క్లాసు అంటే పాత్ర చేసే వృత్తి), పని హీలర్, అంటే దళానికి వైద్యం చేయడం. మా మేనమామ కొడుకు టారెన్ జాతి వారియర్, దళానికి ట్యాంకు, అంటే ముందు నిలబడి శత్రువుల దెబ్బలు తన మీదకు తీసుకునేవాడు. ఎద్దు తల, వెడల్పాటి భుజాలు ఉన్న ఆ పాత్ర అచ్చం ఒంగోలు గిత్తలా ఉందని మా ఇంట్లో పిల్లలు కూడా బావ కుర్చీ వెనుక నిలబడి చూసేవారు. మూడేళ్లు అతను ముందు నడిచాడు, మేము వెనుక నడిచాము.

2022లో ఆ ఆటకు తరువాతి భాగం రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్ క్లాసిక్ వచ్చింది. దానితోపాటు డెత్ నైట్ క్లాసు వచ్చింది. ఆ క్లాసు 55వ లెవెల్ నుంచే మొదలవుతుంది కాబట్టి, మొదటి నుంచి కష్టపడవలసిన అవసరం లేకుండా చేతికి పెద్ద కత్తి దొరుకుతుంది. రెండు వారాలు తిరగకముందే మాలో ముగ్గురు డెత్ నైట్‌లయ్యారు. బావ అంతటితో ఆగలేదు. ఒంగోలులో ఉన్న తన కాలేజీ స్నేహితులు అలయన్స్ పక్షాన ఆడుతున్నారని అటు వెళ్లిపోయాడు. ఆ ఆదివారం నేను మధ్యాహ్నమంతా కూర్చుని మూలికలు ఏరి, అందరికీ సరిపడా మందు సీసాలు సిద్ధం చేసి, రాత్రి 9 గంటలకు లాగిన్ అయ్యాను. జాబితాలో అతని పేరు బూడిదరంగులోనే ఉంది. 11 గంటల వరకు ఆ పేరు వెలుగుతుందని చూశాను. ఆ తరువాత ఇంట్లో శుభకార్యాలకు కలుసుకున్నాము, భోజనాలు చేశాము, కానీ ఆట మాట ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు.

ఇప్పుడు మాలో నలుగురం మళ్లీ మొదలుపెట్టాలనుకుంటున్నాము. ఒకసారి ఎంచుకున్న క్లాసును ఆరు నెలల వరకు ఎవరూ మార్చకూడదని ముందే నియమం పెట్టుకోవడం న్యాయమేనా? ఏ పక్షంలో చేరితే దళం నిలుస్తుంది? ఇటువంటి అనుభవం ఉన్నవారు చెప్పగలరని అడుగుతున్నాను.

సింగరాయకొండ_షామన్

క్లాసును నిందించి ప్రయోజనం లేదు. 2004 నవంబరులో ఆట మొదలైనప్పుడు మొత్తం తొమ్మిది క్లాసులు ఉండేవి. పాలడిన్ అలయన్స్‌కు మాత్రమే, షామన్ హోర్డ్‌కు మాత్రమే. 2007 జనవరిలో బర్నింగ్ క్రూసేడ్ అనే తరువాతి భాగం వచ్చి ఆ కంచె తీసేసింది. షామన్‌ను నమ్ముకొని హోర్డ్‌లో చేరిన నాబోటివాళ్లకు అప్పుడు కడుపు మండింది, అయినా ఎవరమూ దళాలు విడిచిపెట్టలేదు. దళం చెదరడానికి కారణం మనుషుల మధ్య వెతకాలి.

ఉదయగిరికోట

ఆరు నెలల నియమాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. ఇది పగలంతా పని చేసి, రాత్రి రెండు గంటలు మనసు తేలికపడడానికి ఆడుకునే ఆట. అందులో కూడా ఒప్పందపత్రం రాయించుకుంటే మొదటి నెలలోనే ఇద్దరు మానేస్తారు.

ఒంగోలు_జోడెడ్లు

ఉదయగిరికోట గారూ, మీరు డ్యామేజ్ క్లాసు, అంటే శత్రువును కొట్టడమే పనిగా ఉన్న క్లాసు ఆడేవారై ఉంటారని నా అనుమానం. ట్యాంకూ హీలరూ ఒకే కాడికి కట్టిన ఎడ్ల జత. మా వైపు బండలాగుడు పోటీలకు గిత్తలను ఏళ్ల తరబడి జతగానే మేపుతారు, జతగానే నడిపిస్తారు. ఒకటి అడుగు వేసే తీరు రెండోదానికి ఒంటబట్టి ఉంటుంది. చివరి నిమిషంలో ఒకదాన్ని విప్పి వేరేదాన్ని కడితే రెండూ బలమైనవే అయినా బండ కదలదు. దీపధారి గారి బాధ అటువంటిది. ఐదుగురి దళంలో ముగ్గురు డ్యామేజ్ వాళ్లు క్లాసు మార్చుకుంటే పెద్ద నష్టమేమీ లేదు, ఉన్న ఒక్క ట్యాంకు మారితే ఆ రాత్రికి ఆటే లేదు. కాబట్టి నియమం అందరికీ అక్కరలేదు, ఆ ఇద్దరికీ ఉంటే చాలు.

ఉదయగిరికోట

అవును, నేను మేజ్ (మంత్రగాడు) ఆడతాను. కానీ మీరు చెప్పిన నియమంలో అన్యాయం మీకు కనబడడం లేదా? అందరికంటే ఎక్కువ బరువు మోసే ఇద్దరికే సంకెళ్లు వేసి, మిగిలిన ముగ్గురినీ స్వేచ్ఛగా వదలమంటున్నారు.

చెరువుగట్టు_రాత్రి

కొత్తపట్నం దగ్గర రొయ్యల చెరువుల మీద పని చేస్తాను. రాత్రిళ్లు కాపలా గుడిసెలో ల్యాప్‌టాప్ పెట్టుకొని ఫోను నెట్‌తో ఆడతాను. గంటకోసారి లేచి ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసి రావాలి, కరెంటు పోతే పరుగెత్తి జనరేటర్ వేయాలి. అందువల్ల నన్ను ఏ దళమూ స్థిరంగా పెట్టుకోలేదు. ఒంటరిగా తిరిగేవాడిని కాబట్టి పక్షాల సంగతి మాత్రం బాగా ఎరుగుదును, దాని గురించే రాస్తున్నాను.

నేను అలయన్స్. ఈ ఆటలో రెండు పక్షాలకూ వేర్వేరు భాషలు ఉంటాయి. ఎదుటి పక్షం వాళ్లు టైపు చేసినది మనకు అర్థం లేని అక్షరాలుగా మారి కనిపిస్తుంది. హోర్డ్ వాడు నవ్వుతూ 'లోల్' అని రాస్తే అలయన్స్ వాడికి 'కెక్' అని కనబడుతుంది. ఒక రాత్రి రెండు గంటలప్పుడు ఒక హోర్డ్ వేటగాడు నాకు ఎదురయ్యాడు. నా లెవెల్ తక్కువ, అతనిది ఎక్కువ, ఒక్క బాణంతో పడగొట్టగలడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. జనరేటర్ వేసి, చెరువు చుట్టూ ఒకసారి టార్చి కొట్టి, పావుగంట తరువాత తిరిగి వచ్చి చూస్తే నా పాత్ర నిలబడిన చోటే క్షేమంగా ఉంది. అతను పక్కనే కూర్చుని, నా మీదకు వచ్చిన అడవి జంతువులను కొట్టి పడేస్తున్నాడు. నేను కదలగానే 'కెక్' అన్నాడు. వంగి నమస్కరించి వెళ్లిపోయాడు. అతను ఏ దేశం మనిషో నాకు తెలియదు. ఒకే పక్షంలో ఉంటే బహుశా ఇద్దరమూ ఒకరినొకరు పట్టించుకోకుండానే సాగిపోయేవాళ్లం. మధ్యన గోడ ఉంది కాబట్టే ఆ మర్యాదకు విలువ వచ్చింది. పక్షాలు తీసేయాలనే వాళ్లు ఈ సంగతి కూడా ఆలోచించాలని నా కోరిక.

మైపాడు_అల

చెరువుగట్టు గారి అనుభవం చదివి చాలా సంతోషించాను. ఆ గోడ ఇప్పుడు క్లాసిక్ కాని అసలు ఆటలో సగం దిగిపోయిందని దీపధారి గారికి గుర్తుచేయాలి. 2022లో 9.2.5 ప్యాచ్ (ఆటకు వచ్చే మార్పుల కట్ట) వచ్చినప్పటి నుంచి రెండు పక్షాల వాళ్లూ ఒకే దళంగా ఏర్పడి డంజన్లకూ (ఐదుగురు కలిసి చేసే దాడులు) రెయిడ్‌లకూ (ఇంకా పెద్ద దళాల దాడులు) వెళ్లవచ్చు. 2023లో గిల్డ్‌లు, అంటే ఆటగాళ్ల సంఘాలు కూడా కలిశాయి. క్లాసిక్ పట్టుబట్టకుండా అసలు ఆటలోకి వస్తే ఏ పక్షమనే ప్రశ్నతో మీకు పని లేదు.

పెన్నాతీరం

మైపాడు_అల గారు చెప్పిన సౌకర్యం నిజమే అయినా, ఆ సౌకర్యంతో కథ పలచబడిందని నా అభిప్రాయం. హోర్డ్‌కూ అలయన్స్‌కూ మధ్య వైరం రంగుల జెండాల కోసం పుట్టలేదు. హోర్డ్‌లోని ఓర్క్‌లు స్థిరపడిన డురోటార్ ఎర్రమట్టి నేల, చెట్టూ చేమా లేని ఎండు భూమి. ఇళ్లకూ కోటలకూ కలప కావాలి. ఉత్తరాన ఆషెన్‌వేల్ అడవి ఉంది, అది అలయన్స్‌లోని నైట్ ఎల్ఫ్‌లకు దేవుడి గది వంటిది. వీళ్లకు నరకక తప్పదు, వాళ్లు అడ్డుకోక తప్పదు.

ఈ కథ మన నేలకు కొత్త కాదు. 13వ శతాబ్దంలో కరవు వచ్చి కాటమరాజు తన ఆలమందలను నెల్లూరు సీమ పచ్చిక బయళ్లకు తోలుకొచ్చాడు. మేపుకున్నందుకు నెల్లూరు ప్రభువు నల్లసిద్ధికి పుల్లరి కట్టాలి. ఆ పుల్లరి దగ్గర మాట తేడా వచ్చి యుద్ధం దాకా పోయింది. నల్లసిద్ధి పక్షాన ఖడ్గతిక్కన పోరాడి ప్రాణం విడిచాడు. మా తాత ఈ కథ చెప్పేటప్పుడు ఒక రోజు కాటమరాజు వైపు, ఒక రోజు తిక్కన వైపు మాట్లాడేవాడు. తాతా నువ్వు ఎవరి పక్షమని అడిగితే, "పశువు ఆకలి పశువుది, ఊరి గడ్డి ఊరిది" అనేవాడు. రెండు వైపులా న్యాయం ఉన్నప్పుడే పక్షం ఎంచుకోవడంలో బరువు ఉంటుంది. డురోటార్ నుంచి ఆషెన్‌వేల్‌లోకి మొదటిసారి నడిచినప్పుడు, నరికిన మొద్దుల మధ్య నిలబడి నాకు తాత మాటే గుర్తుకు వచ్చింది. దీపధారి గారూ, మీ దళాన్ని కలుపుకోండి, కానీ ఏ పక్షమైనా ఒకటేనని మాత్రం చేరకండి.

మూడోజెండా_పొదిలి

అసలు రెండు పక్షాలు పెట్టడమే ఇబ్బంది. త్రాసులో రెండే పళ్లేలు ఉంటే జనం గెలిచే వైపుకే మొగ్గుతారు, అది ఇంకా బరువెక్కుతుంది, చివరకు రెండో వైపు ఖాళీ అవుతుంది. 2001లో వచ్చిన డార్క్ ఏజ్ ఆఫ్ కామెలాట్‌లో ఆల్బియన్, హైబెర్నియా, మిడ్‌గార్డ్ అని మూడు రాజ్యాలు ఉండేవి, ఒక్కొక్క రాజ్యానికి తన క్లాసులు తనవే. ఒకరు మరీ బలపడితే మిగిలిన ఇద్దరూ అటే తిరుగుతారు. 2014లో వచ్చిన ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌లోనూ మూడు కూటములే. గిల్డ్ వార్స్ 2లో కూడా పెద్ద యుద్ధాలు మూడు జట్ల మధ్యనే సాగుతాయి.

సింగరాయకొండ_షామన్

మూడోజెండా గారి మాట లెక్కలో సరిపోతుంది. కానీ ఇద్దరు కలిసి మూడోవాడిని కొట్టేటప్పుడు ఆ మూడోవాడి స్థానంలో మీరు ఎప్పుడైనా నెల రోజులు ఉన్నారా? నేను ఉన్నాను, అందుకే మానేశాను. రెండు పక్షాల ఆటలో కూడా తూకానికి ప్రయత్నాలు చేశారు. 2008లో వచ్చిన వింటర్‌గ్రాస్ప్ యుద్ధంలో తక్కువమంది ఉన్న పక్షానికి టెనాసిటీ అనే బలం ఇచ్చేవారు, దానితో ఒక్కొక్కరి ప్రాణశక్తీ దెబ్బా పెరిగేవి.

మైపాడు_అల

చర్చ పక్షాల వైపు మళ్లింది కానీ దీపధారి గారి అసలు ప్రశ్న అది కాదు. ఆ ట్యాంకు ఎందుకు వెళ్లాడన్నదే ప్రశ్న, దాన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

నేను పదేళ్లకు పైగా హీలర్‌ని. వైద్యం ఉన్న కొత్త క్లాసు వచ్చిన ప్రతిసారీ నేనూ మారాను. 2012లో మాంక్ వచ్చినప్పుడు అందులో వైద్యం చేసే రకమైన మిస్ట్‌వీవర్ అయ్యాను. 2016లో వచ్చిన డీమన్ హంటర్‌లో వైద్యం లేదు కాబట్టి దాని జోలికి పోలేదు. 2022 నవంబరులో ఎవోకర్ వచ్చినప్పుడు మళ్లీ మారాను. ఎవోకర్ మంత్రాలు కొన్నింటిలో బొత్తాం ఎంతసేపు నొక్కి పట్టుకుంటే అంత బలం వస్తుంది, సరైన క్షణంలో వదలాలి. నెల్లూరులో వాన పడిన రాత్రి నెట్ నెమ్మదిస్తే నేను వదిలిన క్షణం ఒకటి, సర్వరుకు చేరిన క్షణం ఒకటి. ఆ మధ్యలో మనిషి చచ్చిపోతాడు. మూడు వారాలు ఏడిపించినా నేర్చుకున్నాను. ఇన్ని క్లాసులు మారినా హీలర్ పని విడిచిపెట్టలేదు, ఎందుకంటే నా దళంలో ఎవరైనా చనిపోతే "అక్కా, తప్పు నాది, నేను మంటలో నిలబడ్డాను" అని చెప్పే మనుషులు ఉన్నారు. ఆ మాట చెప్పేవాళ్లు లేని దళంలో ట్యాంకూ హీలరూ నిలవరు. మనిషి క్లాసు మార్చితే సరదా కోసం మార్చి ఉండవచ్చు. పనినే వదిలేసి, పక్షం కూడా మార్చుకొని వెళ్లాడంటే ఏదో జరిగి ఉంటుంది. దీపధారి గారూ, మీ బావను అడిగారా?

ఒంగోలు_జోడెడ్లు

మైపాడు_అల గారు పాయింటు పట్టుకున్నారు. ఇంతకుముందు రాసిన నా నియమాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఎద్దు కాడి దించుకుంటే ముందు మెడ మీద పుండు ఉందేమో చూడాలి.

దీపధారి_కావలి

అడగలేదు. అతనే వచ్చి చెప్పాలని ఇన్నాళ్లూ పట్టుబట్టుకొని కూర్చున్నాను. ఈ చర్చ లంకెను నిన్న రాత్రి అతనికి పంపించాను.

ఇనుపడాలు

ఆ బావను నేనే. అందరి మాటలూ చదివాను. పేరు చెప్పకుండా నా గురించి రాసినందుకు కోపం లేదు, రాసినదానిలో అబద్ధం కూడా లేదు. లేని భాగం నేను రాస్తాను.

క్లాసిక్‌లో వారియర్ ట్యాంకు అంటే ఏమిటో చూసేవాళ్లకు తెలియదు. నలుగురు శత్రువులు ఒకేసారి మీదకు వస్తే, అందరినీ నా వైపే తిప్పుకోవడానికి ట్యాబ్ నొక్కి ఒకడికి సండర్ ఆర్మర్ అనే దెబ్బ వేయాలి, మళ్లీ ట్యాబ్ నొక్కి రెండోవాడికి వేయాలి, మూడోవాడి దగ్గరకు వచ్చేసరికి మొదటివాడు జారిపోతుంటాడు. దానికి నాలుగైదు సెకన్లు కావాలి. ఆ నాలుగైదు సెకన్లు నాకు ఎవరూ ఇవ్వలేదు. నేను లోపలికి అడుగు పెట్టీ పెట్టకముందే మన మేజ్ మంచు వాన కురిపించేవాడు, శత్రువులంతా వాడి మీదకు పోయేవారు, వాడు పడిపోయేవాడు. తరువాత హెడ్‌సెట్‌లో వినబడే మొదటి మాట "ట్యాంకు ఏం చేస్తున్నాడు?" అని. చచ్చిన ప్రతిసారీ కవచం బాగుచేయించుకోవడానికి అందరికంటే ఎక్కువ బంగారం ఖర్చయ్యేది నాకే. అది సంపాదించడానికి మీరంతా పడుకున్నాక నేను తెల్లవారుజామున కూర్చునేవాడిని.

నువ్వు చెప్పిన ఆదివారానికి రెండు రోజుల ముందు, శుక్రవారం రాత్రి ఏం జరిగిందో నీకు గుర్తుందా? ఒకే డంజన్‌లో ఐదుసార్లు చచ్చాము. ఐదుసార్లూ నన్నే తిట్టారు. నువ్వు నా పక్కనే ఉంటావు, నేను ఎక్కడ నిలబడ్డానో, ఎవరు తొందరపడ్డారో అందరికంటే స్పష్టంగా కనబడేది హీలర్‌కే. నువ్వు ఒక్క మాట మాట్లాడి ఉంటే చాలేది. అంతకు రెండు వారాల ముందు నుంచే "ఒక్క వారం ట్యాంకు వేరే ఎవరైనా చేస్తారా, నాకు కాస్త విశ్రాంతి కావాలి" అని మన గ్రూపులో రెండుసార్లు రాశాను. రెండుసార్లూ జవాబు రాలేదు. ఒంగోలు వాళ్లు నన్ను ట్యాంకు చేయమని అడగలేదు, నీకు ఏది ఇష్టమైతే అది ఆడమన్నారు. డెత్ నైట్ తీసుకొని, ఆరు నెలలు కేవలం కత్తి తిప్పాను. చెప్పకుండా వెళ్లడం మాత్రం తప్పే. నువ్వు ఆ మందు సీసాలు తయారు చేశావని ఇప్పటిదాకా నాకు తెలియదు.

ఉదయగిరికోట

నేను వేరే దళంలో మేజ్‌ని అయినా, ఇనుపడాలు గారు రాసిన ఆ నాలుగైదు సెకన్ల మాట నాకు తగిలింది. ఈ రోజు మా ట్యాంకుకు ఫోను చేసి మాట్లాడాను.

పెన్నాతీరం

ఖడ్గతిక్కన మొదటిసారి యుద్ధం నుంచి వెనుదిరిగి వస్తే ఇంట్లో భార్య ఆడవాళ్లకు పెట్టినట్లు స్నానానికి మంచం చాటున పసుపుముద్ద పెట్టిందని, అవమానపడి మళ్లీ యుద్ధానికి వెళ్లి మరణించాడని చెబుతారు. చిన్నప్పుడు ఆ కథ విని రొమ్ము విరుచుకునేవాళ్లం. ఆ రోజు అతను ఎందుకు వెనుదిరిగాడని ఇంట్లో ఎవరైనా ఒక్క మాట అడిగి ఉంటే ఎలా ఉండేదని ఈ రోజు మొదటిసారి అనిపించింది.

దీపధారి_కావలి

బావా, పాత గ్రూపు తెరిచి చూశాను. నీ రెండు సందేశాలూ ఉన్నాయి. రెండోదానికి కింద నేను పెట్టిన సందేశం, రాత్రి ఎన్ని గంటలకు వస్తున్నావని. నీ మాట చదివాకే అది రాశాను, కాబట్టి చూడలేదని చెప్పడానికి వీలు లేదు. శుక్రవారం రాత్రి కూడా గుర్తుంది. మేజ్ మన ఇద్దరికీ స్నేహితుడని, గొడవ పెరుగుతుందని మాట్లాడకుండా ఊరుకున్నాను. అందరికంటే బాగా కనబడేది నాకేనన్నది నిజం.

ఆరు నెలల నియమం అడిగిన ప్రశ్నను వెనక్కి తీసుకుంటున్నాను. మైపాడు_అల గారు చెప్పినట్లు అసలు ఆటలోనే మొదలుపెడదాము. నువ్వు అలయన్స్‌లోనే ఉండు, నీ ఒంగోలు స్నేహితులను విడిచిపెట్టవలసిన పని లేదు. మేము హోర్డ్‌లో ఉంటాము, డంజన్‌కు ఒకే దళంగా వెళ్దాము. ఈసారి ట్యాంకు నేను చేస్తాను. బ్లడ్ డెత్ నైట్ తీసుకుంటున్నాను. శత్రువులను ఎలా కూడగట్టాలో నాకు ఏమీ తెలియదు, నువ్వే నేర్పాలి.

ఇనుపడాలు

అయితే వైద్యం నేను చేస్తాను. మిస్ట్‌వీవర్ తయారుచేసుకుంటాను. మైపాడు_అల గారూ, మొదట ఏ మంత్రాలు చేతికి అలవాటు చేసుకోవాలో ఒక సందేశంలో చెప్పగలరా? నాకు ఇన్నాళ్లూ నా ప్రాణశక్తి గీత ఒక్కటే చూసుకోవడం తెలుసు, ఐదు గీతలు ఒకేసారి చూడడం కొత్త.

మైపాడు_అల

తప్పకుండా. ఈ రాత్రే రాసి పంపిస్తాను.

దీపధారి_కావలి

శనివారం రాత్రి 9 గంటలకు. మేజ్‌తో నేను ముందే మాట్లాడాను, నేను చెప్పేవరకు మంచు వాన కురిపించనని ఒప్పుకున్నాడు. బిట్రగుంట అబ్బాయికి ఈ మధ్య రాత్రి డ్యూటీలు పడుతున్నాయి కాబట్టి ఐదో స్థానం ఖాళీగా ఉంది. చెరువుగట్టు గారూ, మీకు వీలైతే రండి. మీరు గంటకోసారి లేచి వెళ్లినా దళమంతా అక్కడే ఆగుతుంది.

చెరువుగట్టు_రాత్రి

శనివారం మేత వేయడం ఎనిమిదిన్నరకు అయిపోతుంది. ఏరియేటర్లు ఒకసారి చూసుకొని 9:15 కల్లా వస్తాను.

ఇనుపడాలు

మొదటి రాత్రి శత్రువులను ఇద్దరిద్దరి చొప్పునే లాగు. నలుగురిని లాగాలని చూడకు, నా చేతులు ఇంకా కుదురుకోలేదు. అలాగే కవచం బాగుచేయించుకోవడానికి బంగారం దాచి ఉంచుకో, చాలా అవుతుంది.

దీపధారి_కావలి

సరే బావా. మందు సీసాలు ఐదుగురికీ చేసి ఉంచాను.